జెన్యూన్ పార్ట్స్ వాడండి అంటే సరిపోదండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్లో బళ్ల గురించి ఏం వచ్చినా చివర్లో ఒక ముక్క తప్పకుండా ఉంటుంది, ఎప్పుడూ కంపెనీ జెన్యూన్ పార్ట్స్ మాత్రమే వాడండి అని. రాసేవాళ్ళకి తేలికే. ఒడిశా కొండల్లో మా సిమిలిగుడలో కూర్చుని చదివితే మాత్రం నవ్వొస్తుంది, ఎందుకంటే ఇక్కడ పికప్ బండికి కింద సామాను పోయిందంటే షోరూం వాడు ఆర్డర్ పెడతాం అంటాడు, ఎప్పుడొస్తుందో చెప్పడు, కుందులి సంతలో అల్లం ఎత్తాల్సిన బండిని అన్నాళ్ళు ఖాళీగా నిలబెట్టుకుంటే కిస్తీ ఎవడు కడతాడు, అందుకని జయపురం వెళ్తాం లేదా ఘాట్ దిగి ఆంధ్రాలో సాలూరో విజయనగరమో పోతాం, అక్కడ కౌంటర్ మీద వాడు అడిగేది ఒకటే, "ఒరిజినల్ ఇమ్మంటారా, డూప్లికేట్ ఇమ్మంటారా?"

అసలు గందరగోళం అక్కడే మొదలవుతుంది. సామాను రెండు రకాలు కాదు, కనీసం మూడు. ఊగుడు ఆపే షాకప్‌లు, చక్రం అటూ ఇటూ తిరగనిచ్చే బాల్ జాయింట్లు, ఉక్కు పట్టీల కమాన్ కట్టలు ఇవన్నీ చాలావరకు బండి కంపెనీలు సొంతంగా చెయ్యవు, బయట వేరే కంపెనీలు చేసి ఇస్తాయి. షాకప్‌లంటే గాబ్రియెల్ ఉంది, 1961లో పెట్టిన కంపెనీ, స్టీరింగ్ జాయింట్లకి రానే వాళ్ళున్నారు, లారీ కమాన్లకి జమ్నా ఆటో. వీళ్ళు బండి కంపెనీలకీ సప్లై చేస్తారు, తమ పేరుతో తమ డబ్బాలో బజార్లోకీ వదులుతారు. బండి కంపెనీ డబ్బాలో వచ్చేది మొదటి రకం, ఇది రెండో రకం. ఆ డబ్బాని పట్టుకుని డూప్లికేట్ అనడం అన్యాయం. అలాగని రెండూ అచ్చంగా ఒకటే అని కూడా అనలేం, షాకప్ లోపలి వాల్వులు బండి కంపెనీ తన మోడల్ బరువుకి తగ్గట్టు సెట్ చేయించుకుంటుంది, బజారు డబ్బాలో ఒక్కోసారి ఒకటే పార్ట్ నంబర్ రెండు మూడు మోడల్స్‌కి సరిపెడతారు, కాస్త గట్టిగానో మెత్తగానో అనిపిస్తుంది, అంతే. మూడో రకం ఉంది చూశారూ, పాలిథిన్ కవర్లో చుట్టి, చేసినవాడి పేరు లేదు, ఎమ్మార్పీ లేదు, లేదంటే పెద్ద కంపెనీ డబ్బాని అక్షరం పొల్లుపోకుండా దించేసి వస్తుంది, భయపడాల్సింది దానికి.

బండి బరువు షాకప్ మోస్తుందని చాలామంది అనుకుంటారు. మోసేది స్ప్రింగు, లేదా కమాను. షాకప్ పని ఊగుడు ఆపడం. లోపల పిస్టన్‌కి ఉన్న సన్న కంతల్లోంచి ఆయిల్ దూరాలి, ఆ దూరడంలో ఊపు కాస్తా వేడిగా మారిపోతుంది, పొట్టంగి దాటి సుంకి ఘాట్ దిగేటప్పుడు వానాకాలం గోతుల్లో ఆ ఆయిల్ ఎంత కాగుతుందో ఊహించుకోండి. నురగ కట్టిందా, పట్టు పోతుంది. నురగ కట్టకుండా ఉండటానికే గ్యాస్ నింపుతారు. చవక సరుకులో రాడ్డు మీద క్రోమ్ పూత పల్చన, కొన్నాళ్ళకి తుప్పు చుక్కలు లేస్తాయి, అవి సీలుని గీరేస్తాయి, ఆయిల్ కారిపోతుంది, ఆ తర్వాత అది ఉన్నా లేనట్టే, చక్రం రోడ్డు మీద ఎగురుతుంటే బ్రేక్ వేసినా బండి త్వరగా ఆగదు, టైరు కూడా గుంటలు గుంటలుగా అరుగుతుంది. కొత్తలో మాత్రం మంచిదీ చవకదీ రెండూ ఒకేలా తళతళలాడతాయి. గ్యాస్ అని రాసున్నది కొంటుంటే కౌంటర్ దగ్గరే రాడ్డుని లోపలికి నొక్కి వదలండి, తనంతట తను బయటికి రావాలి. ఒట్టి ఆయిల్‌ది అయితే రాదు, అది లోపం కాదు, కానీ గ్యాస్ రేటు తీసుకుని రానిది అంటగడితే అక్కడే వెనక్కి ఇచ్చెయ్యండి. మార్చినప్పుడు కుడి ఎడమ రెండూ కలిపి మార్చాలి, ఒకటి కొత్తది ఒకటి పాతది పెడితే డబ్బులు దండగ.

బుష్‌ల సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. చక్రాన్ని బండికి పట్టి ఉంచే చెయ్యి లాంటిది లోయర్ ఆర్మ్, దాని మొదట్లో ఉండే బుష్‌లో బయటొక ఇనప గొట్టం, లోపలొక గొట్టం, మధ్యలో రబ్బరు రెండిటికీ అతుక్కుపోయి ఉంటుంది, ఆర్మ్ పైకీ కిందకీ ఆడుతుంటే ఆ రబ్బరే మెలితిరిగి మళ్ళీ వెనక్కి వస్తుంది. పాత రబ్బరు కలిపి పోసిన బుష్ త్వరగా పగులుతుంది, నిజమే. కానీ మన మెకానిక్కులు చేసే పని చూడండి, బండి జాకీ మీద, చక్రం కిందకి వేలాడుతూ ఉంటుంది, అలాగే బోల్ట్ ఫుల్ టైట్ చేసేస్తారు. బండి దించగానే ఆర్మ్ పైకి లేస్తుంది, రబ్బరు తడిబట్ట పిండినట్టు మెలిపడిపోతుంది, బండి ఊరికే నిలబడి ఉన్నా సరే ఆ మెలి అలాగే ఉంటుంది, దాని మీద మళ్ళీ గోతులు. కొద్ది నెలల్లో చిరుగుతుంది. "చెప్పానా డూప్లికేట్ వద్దని" అంటాడు మెకానిక్కు. అక్కడ జెన్యూన్ వేసినా అదే గతి బాబూ! బోల్ట్ వదులుగా ఎక్కించి, బండి నేల మీదకి దించి, బరువు చక్రాల మీద పడ్డాక అప్పుడు బిగించాలి, బండి కిందకి దిగి పనిచేసే పిట్ ఉంటే ఇంకా సులువు. నేను చూసిన గొడవల్లో చాలావాటికి కారణం సామాను కాదు, ఈ బిగింపే. మీ పేపర్లో ఈ ఒక్క ముక్క వేసినా చాలామందికి డబ్బులు మిగులుతాయి.

ఎక్కడ మిగుల్చుకోవచ్చు, ఎక్కడ కూడదు అనేది కూడా ఎవరూ చెప్పరు. లింక్ రాడ్ పోయిందనుకోండి, టకటక మోగుతుంది, మలుపులో బండి కాస్త ఎక్కువ వాలుతుంది, ఎలాగో ఇంటికి చేరతాం. బాల్ జాయింట్ ఊడితే చక్రం పక్కకి వాలిపోతుంది, ఇంక స్టీరింగ్ మీ మాట వినదు. దాని లోపలి గుండుకి హీట్ ట్రీట్‌మెంట్ సరిగ్గా చేశారో లేదో కళ్ళతో చూసి కనిపెట్టడం నా వల్ల కాదు, మెకానిక్కు వల్లా కాదు. అందుకే అక్కడ కంపెనీ డబ్బా, లేదా పేరున్న తయారీదారు డబ్బా, మూడో మాట లేదు. దాని మీది తొడుగు, అదే రబ్బరు బూట్, చిరిగితే గ్రీజు పోయి బురద చేరుతుంది కాబట్టి ఎంత మంచిదైనా బూట్ చూసుకుంటూ ఉండాలి.

కమాన్ల గురించి సాలూరు వాళ్ళకి నేను చెప్పేదేముంది, లారీల ఊరు అది. ఒక్కటే అడుగుతాను, కొలిమిలో కాల్చి వంపు కొట్టించిన పాత పట్టీలు ఎన్నాళ్ళుంటాయి? ఫ్యాక్టరీలో స్ప్రింగు ఉక్కుని కాల్చి, నూనెలో చల్లార్చి, మళ్ళీ లెక్క ప్రకారం వేడి చేసి, ఆపైన చిన్న చిన్న ఉక్కు గుండ్లతో కొట్టి పగుళ్ళు రాకుండా గట్టిపరుస్తారు. కొలిమిలో పెట్టగానే ఆ పనంతా గాలికి పోయినట్టే. ఎక్స్‌ట్రా పట్టీ ఎక్కించి లోడు పెంచేవాళ్ళున్నారు, పట్టీ పెరిగితే బ్రేకులు పెరగవు గదా.

జెన్యూన్ వాడమని చెప్పే కార్ల కంపెనీల సంగతీ చూద్దాం. స్పేర్ పార్ట్స్ బయట మార్కెట్లో దొరకనివ్వడం లేదని, మార్కెట్లో పోటీ దెబ్బతినకుండా చూసే కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకి కలిపి 2,544 కోట్ల రూపాయలకి పైగా జరిమానా వేసింది, బయట మెకానిక్కు చెయ్యి పెట్టాడని మొత్తం వారంటీ రద్దు చెయ్యకూడదని కూడా చెప్పింది. తర్వాత అప్పీళ్ళకి వెళ్ళారనుకోండి. జెన్యూన్ పార్టు ఊళ్ళో దొరకదు, దొరికినా రేటు గుండె ఆగేలా ఉంటుంది, అప్పుడు జనం పాలిథిన్ కవరు వైపు వెళ్ళరా? 2025 సెప్టెంబర్‌లో బండి సామాను మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది, ఇంకా కొందరు పాత ఎమ్మార్పీయే చూపిస్తున్నారు.

నకిలీ డబ్బా అమ్మడం నేరం, ట్రేడ్ మార్క్స్ చట్టం 1999లో 6 నెలల నుంచి 3 ఏళ్ళ దాకా జైలు ఉంది. కానీ మాలాంటివాళ్ళకి అడ్డు ఎక్కడొస్తుందంటే, కొన్నది ఆంధ్రాలో, ఉండేది కొరాపుట్ జిల్లాలో, మా జిల్లా ఓడీ 10 నంబర్ బండి చూడగానే కొన్ని షాపుల్లో తెల్ల కాగితం చీటీ రాసిస్తారు, వీడు మళ్ళీ ఘాట్ ఎక్కి దిగి గొడవకి రాడులే అని ధీమా. నిజానికి 2019 వినియోగదారుల చట్టం 34వ సెక్షన్ ప్రకారం కొన్న ఊళ్ళోనే కాదు, మనం ఉండే జిల్లాలో కూడా కేసు వెయ్యొచ్చు, సామాను ఖరీదు 5 లక్షల లోపైతే ఫీజు లేదు. సొంత బండి తోలుకుని బతికేవాడికి ఇది వర్తిస్తుంది, పది బళ్ళు తిప్పే ఓనర్లకి మాత్రం వ్యాపారం కింద లెక్కేసి కుదరదంటారు. 1915 నంబర్‌కి ఫోన్ చేసినా కంప్లైంట్ తీసుకుంటారు. అన్నిటికీ పార్ట్ నంబర్ రాసిన జీఎస్టీ బిల్లు కావాలి, చీటీ పనికిరాదు. ఈ 34వ సెక్షన్ సంగతి మీ విజయనగరం ఎడిషన్‌లోనూ ఒడిశా పేజీలోనూ ఒకసారి వివరంగా వెయ్యండి, కౌంటర్ అటు పక్క కూర్చునేవాళ్ళు కూడా మీ పేపరే చదువుతారు.

ఇట్లు,
ఒక పికప్ బండి ఓనరు, సిమిలిగుడ, కొరాపుట్ జిల్లా