బుజ్జికి, పర్లాకిమిడి నుంచి

ఒరే బుజ్జీ,

నీ వాయిస్ మెసేజి విన్నాను. దానికి వాయిస్‌లోనే జవాబివ్వబోతే మధ్యలో ఎవరో జిరాక్స్‌కి వచ్చి ఆధార్ రెండువైపులా ఒకే పేజీలో వెయ్యమంటారు, మాట తెగిపోతుంది. అందుకే షట్టరు దించేశాక కూర్చుని రాస్తున్నాను. ఆఫీసులో చదవకు, ఇంటికెళ్ళి తీరిగ్గా చదువు.

ముందు నిన్ను తిట్టాలి. "నీకేంరా, చిన్న ఊళ్ళో హాయిగా ఉన్నావు, మైండ్‌ఫుల్‌నెస్ మీకు పుట్టుకతోనే వస్తుంది" అన్నావు చూడు, అదొక్కటీ ఒప్పుకోను. మైండ్‌ఫుల్‌నెస్ అంటే చేస్తున్న పని మీదే మనసు పెట్టడమేగా. పొద్దున్నే నీళ్ళు పట్టాలి, పిల్లల్ని స్కూలు ఆటో ఎక్కించాలి, షాపు తెరిచేసరికే ఫారాలు పట్టుకుని జనం నిలబడి ఉంటారు. ఒకరు ఒడియాలో అడుగుతారు, ఒకరు తెలుగులో, కొండ మీంచి దిగొచ్చిన సవర తెగ ముసలాయన కాగితం చేతిలో పెట్టి ఊరుకుంటాడు. పక్కన యూపీఐ డబ్బా హిందీలో అరుస్తుంటుంది. ఇందులో హాయి ఎక్కడుందో నువ్వే వెతికిపెట్టు.

మన చిన్న రైలు గురించీ ఇలాగే మాట్లాడతావు నువ్వు. 1900లో నౌపడా నుంచి మన ఊరికి వేసిన నేరోగేజి, ఆ రోజుల్లో జనం ఎంత నిదానంగా బతికేవారో అని. నిదానంగా నడిచింది రైలురా, జనం కాదు. లోపల కూర్చున్నవాళ్ళు పేకాట ఆడారు, "ఇంకా ఎంతసేపురా దేవుడా" అని విసుక్కున్నారు. 2004లో దాన్ని ఆపేసి, 2011 నాటికి గుణుపురం దాకా పెద్ద లైను వేస్తే సంబరపడిందీ వాళ్ళే.

మీ ఆఫీసు మైండ్‌ఫుల్‌నెస్ క్లాసులో ఎండుద్రాక్ష ఒకటి చేతిలో పెట్టి మెల్లగా తినమన్నారని నవ్వావు. దానికి నవ్వకు. 1979లో అమెరికాలో, మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం మెడికల్ స్కూల్లో, జాన్ కబట్-జిన్ అనే ఆయన తగ్గని నొప్పులతో, టెన్షన్లతో బాధపడే రోగుల కోసం కొన్ని వారాల తరగతులు పెట్టాడు. ఆ ఎండుద్రాక్ష అక్కడిదే. గింజను చూడు, వాసన చూడు, నమిలి తిను. అంతే. తినడం మనకేం కొత్త కాదు కదా, రోజూ చేసే పనే. మీవాళ్ళు ఆ సంగతి పక్కనపెట్టి దాని చుట్టూ ఒక యాప్, పొద్దున్న అలారం, రాత్రి డైరీ, వారానికోసారి మార్కులు తగిలించారు. పాత టెన్షన్ అలాగే ఉంది, పైగా "ఇవాళ ధ్యానం చెయ్యలేదు" అని ఇంకోటి పట్టుకుంది నీకు. నన్నడిగితే ఆ యాప్ ఇవాళే తీసి పారెయ్యి.

నా లెక్క ఏంటంటే, ఎలాగూ చేస్తున్న పనుల్లోంచే ఒకటో రెండో ఏరుకో. వాటిని మాత్రం మనసు పెట్టి చెయ్యి. మిగతావి అలవాటుకి వదిలెయ్యి. అన్నిట్లోనూ మనసు పెట్టాలని కూర్చుంటే పిచ్చెక్కుతుంది. పళ్ళు తోముకుంటూ పిల్లల ఫీజుల లెక్క వేసుకుంటాను నేను. చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి కాబట్టే బుర్రకి ఆ మాత్రం ఖాళీ దొరుకుతోంది.

నేను ఏరుకున్న పని వింటే నవ్వుతావు. కాగితాల కట్ట.

వానాకాలం మన ఊళ్ళో కాగితం ఎలా చెమ్మగిల్లుతుందో నీకు తెలుసు. ఒకదానికొకటి అంటుకుని మిషన్లోకి రెండేసి మూడేసి దూరతాయి, లోపల ఇరుక్కుంటాయి. ఇక ఆ తలుపు తెరిచి ముక్కలు లాగుతూ కూర్చోవాలి. అందుకని అవసరమయ్యేదాకా కట్ట విప్పను. విప్పాక రెండు చివర్లూ పట్టుకుని కొంచెం వంచి, బొటనవేలితో అంచులు ఒక్కొక్కటే జారేట్టు విదిలిస్తాను. గాలి దూరిందంటే ఆ చప్పుడే మారుతుంది, పొడిగా టపటపమంటుంది. అప్పుడు అటు తిప్పి ఇంకోసారి. తర్వాత బల్ల మీద నిలబెట్టి నాలుగు వైపులా తట్టి, అంచులు సమంగా వచ్చాక ట్రేలో పెడతాను, గీత దాటకుండా. అంతా కలిపి అర నిమిషం. ఆ అర నిమిషంలో ఫోను ముట్టుకోను, ఎవరేమడిగినా "ఉండండి బాబూ" అంటాను. ఆ ఉండమనడంతోనే నాకు ఊపిరి ఆడుతుంది. మిగతా రోజంతా మిషను ఎలా తిరిగితే నేనూ అలాగే తిరుగుతాను, అందులో బాధేం లేదు.

మా ఆవిడకి ఈ గొడవలేవీ చెప్పక్కర్లేదు. మార్గశిరం వస్తోంది కదా, లక్ష్మీవారాల హడావుడి మొదలైంది. మొదటి వారం పులగం, రెండో వారం అట్లూ తిమ్మనం, మూడో వారం అప్పాలూ పరమాన్నం, నాలుగో వారం చిత్రాన్నం గారెలు, ఐదో వారం పూర్ణం బూరెలు. "ఇవాళ ఏం వండాలి" అనే రోజువారీ తలనొప్పి ఆ వారాల్లో ఉండదు. ఏం చెయ్యాలో ముందే ఖాయం, ఇక మిగిలింది బాగా చెయ్యడమే. పక్కింటి మావుసి (ఒడియాలో పిన్ని అని) వాళ్ళది ఒడియా పద్ధతి, మాణబసా గురుబార అంటారు. ముందురోజే ఇల్లంతా అలికి కడిగి, నానబెట్టిన బియ్యం రుబ్బి, ఆ పిండినీళ్ళలో వేళ్ళు ముంచి గోడల మీద, గచ్చు మీద వరి కంకులు, గేటు దగ్గర్నుంచి దేవుడి మూల దాకా లక్ష్మి పాదాలు వేస్తుంది. ధాన్యం కొలిచే మాణంలో కొత్త వడ్లు నింపి పూజలో పెడుతుంది. పాదాలు వేస్తున్నంతసేపు మావుసి ఎవరితోనూ మాట్లాడదు, ఆమె విషయంలో అదే పెద్ద వింత! ఏడాది పొడుగునా తుడిచే గచ్చే అది. మిగతా రోజుల్లో సీరియల్ చూస్తూ తుడుస్తుంది.

ఇంకొకటి. మన జిల్లాలోనే చంద్రగిరి వైపు జిరంగ్‌లో బౌద్ధ మఠం ఉంది కదా. 1963లో వచ్చి స్థిరపడ్డ టిబెట్ వాళ్ళది, 2010లో దలైలామా వచ్చి ప్రారంభించారు. పిల్లల్ని తీసుకుని వెళ్ళాం. మనసు ఎలా నిలుపుకోవాలో అడుగుదామని మా తోడల్లుడు ఒక కుర్ర సన్యాసిని పట్టుకున్నాడు. ఆ అబ్బాయి మర్యాదగా నవ్వి, ప్రార్థనకు వేళయింది వెళ్ళాలి అని చెప్పి పరుగెత్తాడు. మావాడు చిన్నబుచ్చుకున్నాడు గానీ నాకు తెగ నచ్చింది. మనం రొటీన్ అని విసుక్కుంటామే, వాళ్ళకి మనకంటే గట్టి టైం టేబులు. లేవడానికో వేళ, చదువుకో వేళ, తిండికో వేళ. రొటీన్ తప్పించుకుంటే ప్రశాంతత దొరుకుతుందని మనకెవరు చెప్పారో మరి.

ఊరికే దొరుకుతుందని మాత్రం అనను. ఈ మార్గశిరం లక్ష్మీవారాల్లో సాయంత్రం దీపాలవేళకే షాపు కట్టేద్దామనుకున్నాను. కాలేజీ పిల్లల రికార్డులు వచ్చేది సరిగ్గా ఆ టైముకే. ఎదురు షాపువాడు పండగ చేసుకుంటాడు. మా ఆవిడ "అప్పులు తీరాక కట్టేద్దురుగానిలే" అంటోంది, ఇంకా తేలలేదు.

నీ సంగతికొస్తే, నువ్వు రాత్రి ఇంటికెళ్ళి ఒక చేత్తో ఫోను చూస్తూ, రెండో చేత్తో బూట్లు పీకి మూలకి విసురుతావు, మీ ఇంటికొచ్చినప్పుడు చూశాను. దాంతో మొదలుపెట్టి చూడు. ఫోను జేబులో పెట్టు, స్టూలు మీద కూర్చో, లేసులు విప్పు, సాక్సులు బూట్లో దోపి వరసగా పెట్టు, అప్పుడు లోపలికెళ్ళు. ఆ తర్వాత ఎంతసేపు రీల్స్ చూసుకున్నా నేనడగను. కుదరకపోతే ఇంకోటి ఏరుకో, బూట్లే అవ్వాలని రూలేం లేదు.

అమ్మ నిన్ను అడుగుతోంది, చిక్కిపోయాడని వీడియో కాల్లో చూసి బెంగపెట్టుకుంది. ఓసారి ఫోన్ చెయ్యి. వస్తే రెండో వారానికో ఐదో వారానికో రా, పులగానికి వస్తే మళ్ళీ మొహం మాడ్చుకుంటావు. పలాసలో దిగు, ఏ రైలో ముందే చెప్తే బండి వేసుకుని వస్తాను.

ఉంటాను రా,
నీ జిరాక్స్ గాడు