నాన్నగారికి, పడవ మోటారు సంగతి

మినియాపొలిస్,
మార్చి 9

పూజ్యులైన నాన్నగారికి మీ చిన్నబ్బాయి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. మీరూ అమ్మా క్షేమమని తలుస్తాను.

పోయిన ఆదివారం ఫోనులో "అంత దూరం వెళ్లి పాత ఇనుము కొంటున్నావా?" అని మీరు అడిగితే నవ్వి ఊరుకున్నాను. తీరిగ్గా చెప్పవలసిన విషయం గనుక ఉత్తరం రాస్తున్నాను.

ఈ మిన్నెసోటా రాష్ట్రంలో సరస్సులు పదివేలకు పైనే ఉన్నాయి. చలికాలమంతా అవి గడ్డకట్టి ఉంటాయి, పడవలు షెడ్లలో పడుకుంటాయి. ఇంటి పెద్దలు కాలం చేశాక పిల్లలు షెడ్డు ఖాళీ చేస్తూ అమ్మే సామానులో పాత పడవ మోటార్లు తరచు కనిపిస్తాయి. అలాంటి ఒకటి 60 డాలర్లకు తెచ్చుకున్నాను. పైన ఇంజను, కింద పొడుగాటి కాలు, దాని చివర నీళ్లలో తిరిగే పంకా, అన్నీ ఒకే ముక్కగా ఉండి పడవ వెనక చెక్కకు మరలతో బిగించుకునే మోటారు ఇది. నార్వే నుంచి వలస వచ్చిన ఓలే ఎవిన్‌రూడ్ అనే ఆయన 1909లో మిల్వాకీలో ఇలాంటివి అమ్మడం మొదలుపెట్టాడు. నాది జాన్సన్ వారిది, ఇలినాయ్‌లోని వాకీగన్ కర్మాగారంలో 1956లో తయారైనది, 5.5 గుర్రాల శక్తి. ఈ రెండు పేర్లూ 1930లలోనే ఒకే కంపెనీ కిందికి వచ్చాయి. ఆ కంపెనీ 2000లో దివాలా తీసింది, ఎవిన్‌రూడ్ పేరుతో మోటార్ల తయారీ కూడా 2020లో ఆగిపోయింది. అయినా ప్లగ్గుకు నిప్పు పుట్టించే మాగ్నెటోను ఒకే రకంగా ఏళ్ల తరబడి ఎన్నో చిన్న మోటార్లకు వాడడం వల్ల దాని కాయిల్స్, పాయింట్లు, కండెన్సర్లు ఇప్పటికీ కొత్తవి దొరుకుతున్నాయి. నాలాంటి కొత్తవాడు ధైర్యం చేయడానికి అదే కారణం.

మూత తీసి చూసేసరికి నాకు మన చేతక్ స్కూటరు గుర్తుకు వచ్చింది. అదే టూ స్ట్రోకు ఇంజను, అవే పాయింట్లు, పెట్రోలులో నూనె కలపడం కూడా అదే. తేడా ఏమిటంటే దీనికి సిలిండర్లు రెండు. దీని బేరింగుల్లో కొన్ని ఉత్త కంచు బుష్షులు కావడంతో నూనె కూడా ఎక్కువ పట్టాలి. మీరు చేతక్‌లో లీటరుకు 20 మిల్లీలీటర్లు పోసేవారు, దీనికి 24 పాళ్లకు ఒక పాలు, అంటే 40కి పైనే పోయాలి.

కొన్న రోజునే తాడు లాగి చూడాలని చేతులు దురద పెట్టాయి గాని ఆపుకున్నాను. ముందు ప్లగ్గులు తీసి రెండు సిలిండర్లలోనూ కొంచెం నూనె పోసి, ఇంజను పైనున్న బరువు చక్రాన్ని, అంటే ఫ్లైవీల్‌ను, చేత్తో మెల్లగా తిప్పాను. తిరిగింది. తరువాత కంప్రెషన్, అంటే సిలిండరులో గాలి నొక్కుకునే ఒత్తిడి, కొలిస్తే రెండూ చదరపు అంగుళానికి 65 పౌండ్ల దరిదాపుల్లో వచ్చాయి. అంకె కన్నా రెండూ సమానంగా ఉండడమే ముఖ్యమట. కరెంటు మాత్రం ఒక ప్లగ్గులో పిసరంత కూడా లేదు, రెండోదానిలో నీరసంగా పసుపు రంగులో వచ్చింది. ఫ్లైవీల్ పీకి చూడగానే జబ్బు తెలిసింది. రెండు కాయిల్స్ పైపొరా ఎండాకాలంలో వరిమడి బీటలు వారినట్లు పగిలిపోయి ఉంది. ప్లగ్గు దాకా వెళ్లవలసిన కరెంటు ఆ పగుళ్ల దగ్గరే దారి తప్పుతోంది. కొత్తవి బిగించి, కరెంటును తెంచి కలిపే పాయింట్ల మధ్య సందు 20 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు), అంటే అర మిల్లీమీటరు ఉండేట్లు సరిచేశాను. సందు కొలిచే ఫీలర్ గేజి రేకు ఆ సందులోంచి లాగినప్పుడు పట్టీ పట్టనట్లు ఆనాలని మీరు చేతక్ దగ్గర కూర్చోబెట్టి చెప్పిన మాటే పనికివచ్చింది. అది పుస్తకం చూసి పట్టుకోగల సంగతి కాదు. చక్రం మళ్లీ ఎక్కించి తాడు లాగితే రెండు ప్లగ్గుల దగ్గరా నీలం నిప్పు టప్పున దూకింది. ఇంట్లో నా కేక విని ఏదో పడిపోయిందనుకున్నారు.

కార్బురేటర్‌లో ఉన్న కచరా సంగతి వేరే చెప్పనక్కరలేదు. అందులో పెట్రోలు మట్టాన్ని అదుపు చేసే ఫ్లోటు బెండుతో చేసినది. ఇక్కడి పెట్రోలులో 10 శాతం ఇథనాలు ఉంటుంది. దానికి ఆ బెండు మీది లక్క పూత కరిగి జిగురై, పెట్రోలు వెళ్లే సన్నటి రంధ్రమైన జెట్టులో అడ్డుపడింది.

తప్పు చేసినది కింది భాగంలో. నీళ్లు తోడి ఇంజనును చల్లబరిచే పంపులో రబ్బరు రెక్కల చక్రం ఒకటుంటుంది. ఏళ్ల తరబడి కదలక అది రాయిలా బిగుసుకుపోతుంది. దాన్ని మార్చాలంటే గేరు పెట్టె కిందికి దించాలి. అక్కడి మరలు అల్యూమినియంలో పట్టేసి ఉన్నాయి. వాటిని వేడి చేసి, తుప్పు విడిపించే నూనె పోసి, ఒక రోజు ఆగి, ముందుకు కొంచెం, వెనక్కి కొంచెం తిప్పుతూ బుజ్జగించాలి. నేను పొడుగాటి పానా పట్టి ఒక్కసారి బలం చూపించాను. మర తల చేతికి వచ్చింది, ఒళ్లు లోపలే ఉండిపోయింది. దాన్ని డ్రిల్లుతో తొలిచి తీయడానికి రెండు శనివారాలు పట్టింది. 1986 గోదావరి వరదలో మన పంపుసెట్టు ఇంజను మునిగినప్పుడు మీరు గోనెసంచి మీద ఒక్కొక్క భాగాన్నీ విప్పిన వరసలోనే పేరుస్తూ, బిగుసుకున్న నట్టుకు డీజిలు పోసి "తొందరేముంది, రేపు చూద్దాం" అని లేచివెళ్లిపోయేవారు. అప్పుడు నాకు విసుగ్గా ఉండేది. భాగాలు వరసగా పేర్చడం మీ దగ్గర నేర్చుకున్నాను గాని, లేచివెళ్లిపోవడం నేర్చుకోలేదు.

పోయిన శనివారం వాకిట్లో మంచు పక్కకు నెట్టి, పెద్ద చెత్త డ్రమ్ములో నీళ్లు నింపి మోటారును దానికి తగిలించాను. నీళ్లు లేకుండా తిప్పితే కొత్త రబ్బరు నిమిషాల్లో మాడిపోతుంది. తొమ్మిదో లాగుకు అంటుకుంది. ఇప్పటి మోటార్లలో పంపు పనిచేస్తోందని తెలిపేందుకు పక్కనుంచి సన్నటి నీటి ధార వస్తుంది. దీనికి అది రాకపోయేసరికి గాభరాపడి వెంటనే ఆపేశాను. తరువాత తెలిసింది, ఈ కాలపు జాన్సన్లకు ఆ ధార ఉండదు. కాలు వెనక ఉన్న రంధ్రాల నుంచి పొగతో కలిసి తుంపర్లు వస్తాయి. మళ్లీ వేసి అక్కడ చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలాయి.

రంగు మాత్రం వేయను. ఇక్కడ చాలామంది ముందు రంగు పూసి, ఆ తరువాత ఇంజను సంగతి చూస్తారు. నాకది నచ్చదు. ఆకుపచ్చ రంగు పోయినచోట ఎవరి చెయ్యి ఏళ్ల తరబడి ఆనిందో తెలుస్తోంది.

ఇంతకూ అసలు విషయం. పశువుల పాకలో ఉన్న చేతక్‌ను పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామని అన్నయ్య అంటున్నాడని అమ్మ చెప్పింది. దయచేసి ఇవ్వవద్దని చెప్పండి. కిక్కు కొట్టి చూడవద్దని కూడా చెప్పండి. ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో డీజిలూ ఇంజను నూనే కలిపి రెండు చెంచాలు పోసి, వారం రోజులు వదిలేయండి. తరువాత నాలుగో గేరులో వేసి వెనక చక్రాన్ని ముందుకీ వెనక్కీ మెల్లగా కదిలిస్తే పిస్టన్ విడుతుందేమో తెలుస్తుంది. ఇప్పుడు అక్కడి బంకుల్లో 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు వస్తోంది గనుక, పాత రబ్బరు గొట్టం మార్చకుండా ట్యాంకులో పోయవద్దు. మిగతా పని నేను డిసెంబరులో వచ్చాక ఇద్దరం కలిసి చేద్దాం. మీ ఫీలర్ గేజి ఎక్కడుందో మాత్రం వెతికి ఉంచండి.

అమ్మకు నా నమస్కారాలు.

ఇట్లు,
మీ చిన్నబ్బాయి