ల్యాబ్ గడియారాలు సరిచేసిన మాస్టారికి

కాకినాడలో మా డిపార్ట్‌మెంట్ ల్యాబ్‌కి వచ్చి, పేరైనా చెప్పకుండా వెళ్ళిపోయిన మాస్టారికి నమస్కారమండీ.

సైట్లు తెరుచుకోకపోయినా, సాఫ్ట్‌వేర్ లైసెన్సు దొరకలేదన్నా అందరూ ముందు నెట్‌నే తిడతారు. మీరు స్క్రీన్ మూలనున్న తేదీ చూశారు. మదర్‌బోర్డు మీది బటన్ బ్యాటరీ, సీఆర్2032, 3 వోల్టులు ఇవ్వాల్సింది మల్టీమీటర్‌లో 2.4 దగ్గరే ఆగింది. అది నీరసిస్తే కరెంటు పోయిన ప్రతిసారీ గడియారం ఏళ్ళ వెనక్కి పోతుంది. ఆ తేదీకి, సైటు అసలుదేనని చెప్పే సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు, బ్రౌజర్ ఎలా నమ్ముతుంది?

బ్యాటరీ మార్చడం చిన్న పనే: ప్లగ్గు పీకి, పవర్ బటన్ కాసేపు నొక్కిపట్టి, క్లిప్పు పక్కకి నెట్టి, ప్లస్ గుర్తు పైకి వచ్చేలా కొత్తది పెట్టడం. అసలు తిప్పలు ఆ తర్వాతే. బ్యాటరీ తీస్తే బయోస్, అంటే కంప్యూటర్ లేచేటప్పుడు చూసుకునే సెట్టింగులు, మొదటికొస్తాయి. అందులో సాటా మోడ్ (డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) పాతది కాకుండా వేరేది పడితే విండోస్ లేవదు. మీరు దాన్ని ముందే కాగితం మీద రాసుకున్నారు చూడండీ, అక్కడే చేతికి దండం పెట్టాలనిపించింది. డొమైన్‌లో (సంస్థ సర్వర్ అజమాయిషీలో) లేని విండోస్ మెషిన్లో గడియారం తేడా 15 గంటలు దాటితే, నెట్ నుంచి టైమ్ తెచ్చుకునే టైమ్ సర్వీసు మామూలుగా సరిచేయదనీ, ముందు తేదీ చేత్తో దిద్ది, అప్పుడే సింక్ నొక్కాలనీ చెప్పింది మీరే.

ఉప్పుగాలికి నల్లబడ్డ ర్యామ్ కాంటాక్టుల్ని రబ్బరుతో రుద్దడం ఈ ఊళ్ళో అందరికీ తెలుసు లెండి. ప్రతి బ్యాటరీ మీదా మార్కర్‌తో నెల, సంవత్సరం వేయడం మాత్రం మీ దగ్గరే చూశాం. మీ మల్టీమీటర్ ఇక్కడే మర్చిపోయారు, అల్మారా పై అరలో భద్రంగా ఉందండీ.