పాడైన పార్టు ఏదో తేల్చాకే టంకం: మా రిపేరు సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది కార్యవర్గం పెట్టుకున్న నియమం ఒక్కటే. బల్ల మీదికి ఏ వస్తువు వచ్చినా, బోర్డు మార్చేద్దామనే మాట ఎత్తకముందే అందులో చెడిన పార్టు ఏదో, అది ఎందుకు చెడిందో తేల్చి రిజిస్టరులో రాయాలి. దీనివల్ల పని నెమ్మదిస్తుందని కొందరు సభ్యులు అన్నారు. నెమ్మదించిన మాట నిజమే. కానీ బాగుచేసి పంపిన వస్తువు అదే జబ్బుతో తిరిగి రావడం బాగా తగ్గింది. అందుకే ఈ నియమాన్ని కొనసాగించాలని కార్యవర్గం గట్టిగా కోరుతోంది.

రిజిస్టరు తిరగేస్తే ఎక్కువ పేజీలు పవర్ సప్లై బోర్డులవే, వాటిలోనూ ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లవే (కరెంటును కాసేపు నిల్వ ఉంచే, లోపల ద్రవం ఉండే పార్టులు). లోపలి ద్రవం ఏళ్ల తరబడి వేడికి ఎండిపోతుంది. పైభాగం ఉబ్బితే కంటికే తెలిసిపోతుంది. అసలు తలనొప్పి ఉబ్బకుండా చెడినవాటితోనే. మామూలు మీటరు పెడితే మైక్రోఫారడ్లలో చెప్పే నిల్వ సామర్థ్యం దాదాపు సరిగ్గానే చూపిస్తుంది, లోపలి నిరోధం మాత్రం ఎన్నో రెట్లు పెరిగి ఉంటుంది. ఈ ఏడాది ఆ లోపలి నిరోధాన్ని కొలిచే ఈఎస్ఆర్ మీటరు కొన్నది అందుకే. మన కొనుగోళ్లలో ఇంతకంటే పనికొచ్చింది మరొకటి లేదు.

ఒక మానిటర్ సంగతి వివరంగా చెప్పాలి. ఒకసారి ఆన్ అయితే రోజంతా నడుస్తుంది. మెయిన్ స్విచ్ ఆపి కాసేపాగి వేస్తే మళ్లీ లేవదు. పెద్ద కెపాసిటర్లన్నీ బాగానే ఉన్నాయి. కంట్రోల్ ఐసీ (పవర్ సప్లైని నడిపించే చిప్) పక్కనే, వేడిని చెదరగొట్టే లోహపు ముక్క అయిన హీట్ సింక్‌కు ఆనుకుని, వేలి గోరంత కెపాసిటర్ ఒకటి ఉంది. ఐసీ మొదట మేలుకోవడానికి కావాల్సిన కరెంటును నిల్వ చేసేది అదే. కరెంటు తీసి, దాన్ని హెయిర్ డ్రయర్‌తో కాస్త వేడి చేసి, మళ్లీ ఇవ్వగానే మానిటర్ లేచింది. వేడికి లోపలి నిరోధం తాత్కాలికంగా తగ్గుతుంది కాబట్టి దోషి అదేనని తేలిపోయింది. పాతదాని మీద తట్టుకోగల వేడి 85 డిగ్రీలని రాసి ఉంది. 105 డిగ్రీలది వేసి, హీట్ సింక్‌కు దూరంగా వంచాం. వేడి 10 డిగ్రీలు తగ్గితే ఈ రకం కెపాసిటర్ ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుంది. కాబట్టి ఆ వంచడం కూడా రిపేరులో భాగమే. రిజిస్టరులో "కారణం" అనే గడి పెట్టింది ఇలాంటివి రాయడానికే.

ఫ్యూజు విషయంలోనూ అంతే. ఫ్యూజు పోయిందంటే దాన్ని మార్చి ప్లగ్గు పెట్టేయడం చాలామందికి అలవాటు. గాజు లోపల నల్లగా మసిపట్టి ఉంటే సర్క్యూట్‌లో ఎక్కడో పెద్ద షార్ట్ ఉందని అర్థం. బ్రిడ్జ్ డయోడ్లు (ఏసీని డీసీగా మార్చేవి), స్విచింగ్ మాస్‌ఫెట్ (కరెంటును వేగంగా ఆన్, ఆఫ్ చేసేది), వేరిస్టర్ (అధిక వోల్టేజీ నుంచి కాపాడేది) వరుసగా చూడాలి. అనుమానం ఉన్న పార్టు కాలు ఒకటి పైకి లేపి కొలవాలి. లేకపోతే బోర్డులోని ఇతర దారుల గుండా వచ్చే రీడింగు మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. కొత్త ఫ్యూజు వేశాక కూడా నేరుగా కరెంటు ఇవ్వకుండా సీరీస్ బల్బు (కరెంటు దారిలో వరుసగా కలిపిన మామూలు బల్బు) ద్వారానే ఇస్తున్నాం. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే సరే, అలాగే నిండుగా వెలుగుతుంటే షార్ట్ ఇంకా ఉన్నట్టే.

ధ్వని వస్తూ బొమ్మ రాని టీవీలు కూడా చాలానే వచ్చాయి. తెర మీద టార్చి ఏటవాలుగా వేస్తే లోపల బొమ్మ లీలగా కదులుతూ కనిపిస్తుంది. అంటే ప్యానెల్ బాగానే ఉంది, బ్యాక్‌లైటే పోయింది. ఎల్ఈడీలు సీరీస్‌లో ఉంటాయి కాబట్టి ఒకటి ఓపెన్ అయితే (లోపల తెగిపోతే) చాలు, ఆ వరుసంతా ఆరిపోతుంది. పోయిన ఒక్కటే మార్చాలా, మొత్తం పట్టీలా అని సభ్యుల్లో గట్టి చర్చే జరిగింది. మిగతావి కూడా అంతే వేడిలో అన్నేళ్లు పనిచేశాయి కనుక పట్టీలన్నీ మార్చి, బ్యాక్‌లైట్ సెట్టింగు తగ్గించి ఇవ్వాలని కార్యవర్గం నిర్ణయించింది.

టైమర్లు, చిన్న కంట్రోల్ బోర్డుల్లో రిలే (విద్యుత్తుతో పనిచేసే స్విచ్) టకటకలాడుతుంటే మెయిన్స్ వైపున్న ఎక్స్2 కెపాసిటర్‌ను (మెయిన్స్ కరెంటుకు నేరుగా కలిపే భద్రతా రకం) ముందు కొలవండి. చూడ్డానికి కొత్తదానిలా ఉన్నా విలువ సగానికి పడిపోయి ఉండొచ్చు. దాని స్థానంలో మామూలు ఫిల్మ్ కెపాసిటర్ వేయడానికి సంఘంలో అనుమతి లేదు. ఎక్స్2 రకాన్ని చెడినా మంట అంటుకోకుండా ఉండేలా తయారుచేస్తారు. దొరికేదాకా ఆగుదాం, పర్వాలేదు.

భద్రత విషయంలో కార్యవర్గం ఏమాత్రం రాజీపడదు. 230 వోల్టుల సప్లైని డీసీగా మార్చాక ప్రధాన కెపాసిటర్ మీద దాదాపు 325 వోల్టులు నిలుస్తాయి. ప్లగ్గు తీశాక కూడా అవి కొంతసేపు ఉండొచ్చు. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే పద్ధతిని పూర్తిగా నిషేధించాం. రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేసి, మీటరుతో చూసి, ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి. ఉబ్బిన లిథియం బ్యాటరీలను మనం ముట్టుకోవడం లేదు, తెచ్చినవారిని సేకరణ కేంద్రానికి పంపిస్తున్నాం.

బాగుపడని బోర్డుల నుంచి ట్రాన్స్‌ఫార్మర్లు, హీట్ సింక్‌లు, కనెక్టర్లు ఊడదీసి డబ్బాల్లో సర్దాం. పాత ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లను మాత్రం దాచడం లేదు. 2022లో ప్రపంచం మొత్తం మీద 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగయ్యాయని, సక్రమంగా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకొచ్చింది అందులో 22.3 శాతమేనని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక చెబుతోంది. ఒక చిన్న పార్టు పోయిన టీవీ ఆ కుప్పలో చేరడం మనకు నిజంగా బాధ కలిగించే విషయం.

జమాఖర్చులను కోశాధికారి విడిగా సమర్పిస్తారు. వచ్చే ఏడాదికి కార్యవర్గం రెండు ప్రతిపాదనలు పెడుతోంది. మొదటిది, చిన్న ఎస్ఎమ్‌డీ పార్టుల (బోర్డు ఉపరితలం మీదే అతికించేవి) పగుళ్లు చూడటానికి ఒక మైక్రోస్కోప్ కొనడం. రెండోది, బాగా పనిచేస్తున్న బోర్డులు చేతికి వచ్చినప్పుడే ముఖ్యమైన చోట్ల వోల్టేజీలు, డయోడ్ రీడింగులు రాసి పెట్టుకోవడం. సర్క్యూట్ డయాగ్రమ్ దొరకని బోర్డు వచ్చినప్పుడు పోల్చి చూడటానికి మనకున్న ఆధారం అదే అవుతుంది. ఈ రెండింటి మీదా సర్వసభ్య సమావేశం ఆమోదం కోరుతున్నాం.

— కార్యదర్శి, కార్యవర్గం తరఫున