రామాలయం మండపం స్లాబుకు విరాళాల విజ్ఞప్తి: 1,200 చదరపు అడుగులు, 50 టన్నులు

భక్త మహాశయులకు, ఊరి పెద్దలకు, ఆడపడుచులకు, పొట్టకూటికోసం కువైట్‌లోనో హైదరాబాద్‌లోనో ఉంటున్న మన పిల్లలకు రామాలయం కమిటీ నమస్కారాలు.

మీ అందరి దయవల్ల మండపం స్తంభాలు లేచాయి. ఇక స్లాబు పడాలి. “ఎంతవుద్దండీ?” అని అడిగినవాళ్లందరికీ నోటిలెక్క చెప్పడం మాకిష్టం లేదు. ఇంజనీరు గారూ మేస్త్రీ గుడి అరుగుమీద కూర్చుని వేసిన లెక్కే ఇక్కడ పెడుతున్నాం. చందా ఇచ్చేవాళ్లకి అది దేనికి పోతుందో తెలియాలి కదా.

మండపం పొడవు 40 అడుగులు, వెడల్పు 30. అంటే 1,200 చదరపు అడుగులు. స్లాబు మందం 5 అంగుళాలు. ఆ 5ని 12తో భాగించి 1,200తో గుణిస్తే 500 ఘనపుటడుగులు. కింద పొడవునా వేసే బీములు మూడు, అడ్డ బీములు ఐదు. ఒక్కోటి 9 అంగుళాల వెడల్పు, స్లాబు కిందికి అడుగు లోతు. ఒకదాన్నొకటి దాటేచోట రెండుసార్లు లెక్కపడకుండా తీసేస్తే సుమారు 200 ఘనపుటడుగులు. మొత్తం 700, అంటే 20 ఘనపు మీటర్లకు పిసరంత తక్కువ. ఇనుముతో కలిపి ఘనపు మీటరు కాంక్రీటు 2,500 కిలోలు తూగుతుందని లెక్క. అలా వచ్చింది 50 టన్నులు.

కొందరు పెద్దలు “ఎలాగూ వేస్తున్నారు, ఆరంగుళాలు వేసెయ్యండి, గట్టిగా ఉంటది” అన్నారు. వాళ్ల అభిమానానికి దండం. కానీ ఒక్క అంగుళం పెంచితే 100 ఘనపుటడుగులు, అంటే 7 టన్నుల బరువు అదనం. రెండు గునపాల లోతు తవ్వితే నీళ్లూరే బంకమట్టి మనది. పైన పెంచిన ప్రతి టన్నూ పునాది మొయ్యాల్సిందే. స్లాబుకి బలం ఇచ్చేది సరైన చోట కట్టిన ఇనుమూ, సరిగ్గా కలిపిన మాలూ. మందం పెంచే ప్రసక్తి లేదని కమిటీ తీర్మానించింది.

సామాను విషయానికొస్తే, పోత పోసేటప్పుడు పోయే తరుగుకి నూటికి అయిదు కలుపుకుని 735 ఘనపుటడుగులకు కొంటున్నాం. ఒకటి, ఒకటిన్నర, మూడు పాళ్ల మాలుకి సిమెంటు 168 బస్తాలు, ఇసుక 310 ఘనపుటడుగులు, 20 ఎంఎం నల్లకంకర 620, ఇనుము సుమారు 1.6 టన్నులు కావాలి. ఇసుక గోదావరిదే. చవగ్గా వస్తుందని సముద్రం వైపు ఇసుక తెస్తామన్నవాళ్లకి ముందే వద్దన్నాం, ఆ ఉప్పు ఇనుముని తినేస్తుంది. నీళ్లు బస్తాకి 25 లీటర్లు మించనివ్వం. జారుగా ఉంటే పని తేలికని కూలీలు ఇంకో బకెట్టు పోస్తుంటారు, అక్కడే బలం పోతుంది. మాలు కలిపే మిల్లరు పక్కన కమిటీ మనిషొకరు కదలకుండా నిలబడతారు.

పోసిన రోజు ఆ 50 టన్నులూ మోసేది సెంట్రింగే. అందుకే ప్రతి సర్వి బాదు (ఆనించే సరుగుడు కర్ర) కిందా పలకలు వేయిస్తున్నాం, లేకపోతే మెత్తని నేలలోకి దిగిపోతుంది. రెండు వారాలు నిండేదాకా బీముల కింద బాదు ముట్టుకోనివ్వం. పైన మళ్లు కట్టి నీళ్లు నిలబెట్టాలి. గుడి బోరు నీళ్లు ఉప్పన, కాబట్టి మాలుకీ తడపడానికీ కాలువ నీళ్లే దిక్కు. దాళ్వా (రెండో పంట) కోతలు మొదలైతే మనిషి దొరకడు, ఆ వెంటనే కాలువలు కట్టేస్తారు. మా తొందరంతా అందుకే.

కూలీ, సెంట్రింగుతో కలిపి ఖర్చు 3,60,000 రూపాయలని అంచనా. చదరపు అడుగుకి 300. ఒక అడుగు ఇచ్చినవారు బీముతో సహా 41 కిలోల మండపం ఇచ్చినట్టు లెక్క. డబ్బే ఇవ్వాలని లేదు. ఒక్క సిమెంటు బస్తా ఇచ్చినా ఏడు అడుగుల స్లాబుకి సరిపోతుంది. కొబ్బరి రైతులు ఒక దింపులో కొన్ని కాయలు గుడికి వదిలినా, ట్రాక్టరున్నవాళ్లు ఒక ట్రిప్పు కంకర తోలినా జమకట్టి రసీదు రాస్తాం. ఫ్యాను రెక్కమీద రాసినట్టు స్లాబులో పేర్లు రాయలేం గానీ, దాతలందరి పేర్లూ గోడమీద బోర్డులో ఉంటాయి. ఎంతిచ్చారన్నది మాత్రం రాయం.

ఇక కుర్రాళ్లకో మాట. స్లాబు మధ్యలో అతుకు పడకూడదు, మొదలెట్టిన రోజే ముగించాలి. తట్టకి 20 కిలోలు వేసుకున్నా 2,500 తట్టలు. లిఫ్టు మాట్లాడాం, అయినా చేతులు కావాలి. ఆ రోజు భోజనాలు గుళ్లోనే.

విరాళాలు రోజూ సాయంత్రం దీపారాధన వేళ గుడి దగ్గర తీసుకుంటాం. కమిటీ ముద్ర ఉన్న రసీదు చేతికొచ్చాకే డబ్బివ్వండి. దూరాన ఉన్నవాళ్లు ఇంట్లోవాళ్ల ద్వారా పంపండి. బిల్లులన్నీ నకళ్లతో సహా గుడి నోటీసు బోర్డుకి అంటిస్తాం. మిగులు ఉంటే మెట్లకి వాడతాం.