ఇంజను విప్పించే ముందు

చిరంజీవి శ్రీనివాస్‌కు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ రాంనగర్‌లో అందరమూ క్షేమమే. మీ అమ్మకు మోకాలి నొప్పి కొంత తగ్గింది. బండి గురించి నాలుగు మాటలు చెబుదామని వ్రాస్తున్నాను, వేరే విశేషమేమీ లేదు. లక్ష్మి నిశ్చితార్థంలో సత్తయ్య మామ కలిశాడు. పటాన్‌చెరు దాటాక రాత్రివేళ నీ బండి బానెట్ ఎత్తి ఉండగా చూశానని, ఇంజనులో మిస్సింగ్ వస్తోందని, అంటే అది కుంటుతూ నడుస్తోందని, దాన్ని మొత్తం విప్పించడానికి నువ్వు వడ్డీకి డబ్బు అడుగుతున్నావని చెప్పాడు. నువ్వు ఫోను ఎత్తడం లేదు కనుక అందులో నిజమెంతో నాకు తెలియదు.

మిస్సింగ్ ఏ సిలిండరుదో తేలకుండా ఎవరినీ ఇంజను పైమూత, అంటే హెడ్ మీద చేయి వేయనివ్వకు. ముందు స్లోలో పెట్టి చెవి ఒగ్గి విను. కుంటు ఒకే లయలో వస్తుంటే ఒక సిలిండరు పనిచేయడం లేదని అర్థం. నీది పాత పంపు బండి కాబట్టి, సిలిండరులోకి డీజిల్ చిమ్మే ఒక్కొక్క నాజిల్ దగ్గర పైపు నట్టును పానాతో కొద్దిగా వదులు చేసి, చప్పుడు విని, వెంటనే బిగించు. వదులు చేసినప్పుడు ఇంజను ఇంకా కుంటుపడితే ఆ సిలిండరు మంచిదే. ఏ తేడా రాకపోతే దొంగ అక్కడే ఉన్నాడు. ఆ నాజిల్‌ను పక్క సిలిండరుకు మార్చి చూడు, కింది రాగి వాషర్లు మాత్రం కొత్తవి వేయించు. మిస్సింగ్ నాజిల్‌తో పాటు మారితే ఖర్చు నాజిల్‌తోనే పోతుంది. మారకపోతే అప్పుడు టాపెట్ గ్యాప్, అంటే వాల్వుల దగ్గరి సందు, ఆ తర్వాత కంప్రెషన్, అంటే సిలిండరు గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో చూడాలి. నట్టు వదిలేటప్పుడు పైన గుడ్డ కప్పు, వేళ్లు దగ్గర పెట్టకు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. అన్ని నాజిళ్లకూ ఒకే గొట్టం నుండి ఎక్కువ ఒత్తిడితో డీజిల్ పోయే కొత్త కామన్ రైల్ బండ్ల మీద ఈ పని ఎన్నడూ చేయకు. రాత్రి రోడ్డు పక్కన అసలే చేయకు. ఆ రోడ్డు మీద లారీలు ఎట్లా వస్తాయో నీకు నేను చెప్పనక్కరలేదు.

కుంటుకు లయ లేకపోతే, అంటే ఒకసారి వచ్చి ఒకసారి పోతుంటే, నాజిళ్ల జోలికి పోకు. డిపోలో నేను పనిచేసేటప్పుడు మెహిదీపట్నం వైపు తిరిగే ఒక బస్సు పొద్దున చక్కగా నడిచి, మధ్యాహ్నం దాటాక మిస్సింగ్ మొదలుపెట్టేది. నాజిళ్లు మార్చారు, పంపు విప్పి కొలతలు సరిచేసే క్యాలిబ్రేషన్‌కు పంపారు, ఫిల్టర్లు కొత్తవి వేశారు. మర్నాడు పొద్దున బాగుండేది, మధ్యాహ్నానికి మళ్లీ అదే కథ. చివరికి మా ఫోర్‌మన్ సాబ్ ట్యాంకు నుండి డీజిల్ లాగే ఫీడ్ పంపుకు వచ్చే లైనులో జానెడు పారదర్శకపు గొట్టం వేయించి, డ్రైవరుతో పాటు తానే బండెక్కాడు. ట్యాంకు సగానికి దిగేదాకా గొట్టంలో డీజిల్ స్వచ్ఛంగా ఉంది, ఆ తర్వాత ఆవగింజలంత బుడగలు వరుసగా రావడం మొదలైంది. ట్యాంకు విప్పితే లోపలి సక్షన్ పైపుకు నడిమధ్యన గోరు కూడా పట్టనంత సన్నని పగులు కనిపించింది. రాత్రి నింపిన ట్యాంకులో ఆ పగులు డీజిల్‌లో మునిగి ఉండేది, మట్టం దిగగానే అక్కడి నుండి గాలి పీల్చేది.

బోయినపల్లి మార్కెట్లో సరుకు దించి జహీరాబాద్‌కు తిరిగిపోయేటప్పుడే నీ బండి ఆగిందని సత్తయ్య మాటల్ని బట్టి నాకనిపించింది. ఆ రాత్రి ట్యాంకులో డీజిల్ ఎంత ఉంది? నిండుగా నింపి ఒక ట్రిప్పు నడిపి చూడు, మిస్సింగ్ రాకపోతే ముందు ట్యాంకు పైపు విప్పి చూపించు. ట్యాంకు ఎప్పుడూ అడుగంటేలా ఉంచితే లోపల చెమ్మ చేరి ఫిల్టరులో నీళ్లు నిలుస్తాయి, దాని కింది మర తిప్పి వారానికోసారి వదలాలి. చేతిలో డబ్బు ఆడక కొద్దికొద్దిగా పోయించుకుంటున్నావా బిడ్డా? అదే అయితే మీ అమ్మ చీటీ వచ్చే నెల లేస్తుంది. బయట వడ్డీకి తేవద్దు. ఇంజను పనికి అప్పు చేసినవాళ్లు బండినే అమ్ముకోవడం నేను చాలామందిని చూశాను.

వేళకు తిను, రాత్రి లోడు ఒప్పుకోకు. మల్లేశం చేతికి ఈ ఉత్తరంతో పాటు టాపెట్ సందు కొలిచే నా పాత ఫీలర్ గేజి, మీ అమ్మ చేసిన సకినాలు ఇస్తున్నాను. ఇంజను వేడెక్కాక కూడా పొగ తెల్లగా వస్తోందా నల్లగా వస్తోందా, ఆ రాత్రి డీజిల్ ఎంత ఉంది, ఎవరి దగ్గర ఎంత తీసుకున్నావు, ఈ మూడూ ఆదివారం లోపల ఫోనులో చెప్పు. నాతో చెప్పడం ఇష్టం లేకపోతే మీ అమ్మతోనైనా చెప్పు.

ఆశీస్సులతో,
నాన్న