గాలికి ఒక రోజు విడిచిపెట్టు

విశాఖపట్నం

చిరంజీవి మాధవికి నాన్న ఆశీస్సులు.

ఆగస్టులో నీ స్నేహితురాలితో కలిసి గ్రీసు దీవులు చూడబోతున్నానని రాసి, ఏ రోజు ఎక్కడ ఉంటారో పట్టిక కూడా పంపినందుకు చాలా సంతోషించాము. అమ్మ అందులో బస సంగతి చూసింది, నేను ఓడల సంగతి చూశాను. మైకొనోస్, మీలోస్, సాంటొరీని అంటూ రోజు విడిచి రోజు ఓడ ఎక్కేలాగా, చివరి ఓడ ఏథెన్స్ పక్కనున్న పిరేయస్ రేవు చేరిన నాలుగు గంటలకే మ్యూనిక్ విమానం ఎక్కేలాగా రాసుకున్నావు. ఉద్యోగ జీవితమంతా ఓడల ఇంజన్ గదుల్లో గడిపినవాణ్ణి కనుక ఆ నాలుగు గంటలు నాకు నచ్చలేదు. ఎందుకో వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదువు.

మన తీరంలో సముద్రం చెడేముందు ఆకాశం నల్లబడుతుంది, వాన మొదలవుతుంది, రేవులో ప్రమాద సూచిక ఎగరేస్తారు. మీరు చూడబోయే దీవులున్న ఏజియన్ సముద్రంలో వేసవి అలా ఉండదు. బాల్కన్ ప్రాంతం మీద అధిక పీడనం, ఎండకు కాగిన టర్కీ భూభాగం మీద అల్పపీడనం ఏర్పడినప్పుడు, ఆ రెంటి మధ్య ఉత్తర దిక్కు నుంచి బలమైన గాలి వీస్తుంది. అక్కడివారు దానిని మెల్టెమి అంటారు. జూలై, ఆగస్టు నెలల్లో అది ఒక్కొక్కసారి రోజుల తరబడి ఆగదు. మబ్బు తునక కూడా లేని నీలాకాశం కింద, చక్కటి ఎండలో, సముద్రమంతా తెల్లటి నురుగుతో లేస్తూ ఉంటుంది. ఒడ్డున నిలబడి చూసేవారికి ఇంత మంచి రోజున ఓడలు ఎందుకు ఆపారా అనిపిస్తుంది. కానీ గాలి బోఫర్ట్ కొలమానంలో 8వ స్థాయికి, అంటే గంటకు 62 కిలోమీటర్లు దాటిన వేగానికి చేరితే, సాధారణంగా పెద్ద ఫెర్రీలను కూడా అక్కడి తీర రక్షక దళం రేవు విడవనివ్వదు. తేలికైన హైస్పీడ్ ఓడలను అంతకంటే తక్కువ గాలికే ఆపేస్తారు.

ఆ నిషేధాన్ని చూసి విసుక్కోకమ్మా. దాని వెనుక ఎందరి ప్రాణాలో ఉన్నాయి. 1966 డిసెంబరు 8న క్రీట్ దీవి నుంచి పిరేయస్‌కు వస్తున్న హెరాక్లియోన్ అనే ఫెర్రీలో, తుపాను గాలికి ఒక లారీ దొర్లి వాహనాలు ఎక్కించే తలుపును బద్దలు కొట్టింది. నీరు చొరబడి ఓడ మునిగిపోయి 200 మందికి పైగా చనిపోయారు. 2000 సెప్టెంబరు 26 రాత్రి ఎక్స్‌ప్రెస్ సమీనా అనే ఓడ పారోస్ రేవుకు దగ్గరలోనే పోర్టెస్ అనే రాతి దిబ్బలను ఢీకొని మునిగింది. ఆ దిబ్బల మీద దీపం వెలుగుతూనే ఉంది. బ్రిడ్జి మీద, అంటే ఓడను నడిపే గదిలో ఉండవలసినవారు ముందుకు చూడకపోవడం ఆ ఘోరానికి ముఖ్య కారణం. 80 మందికి పైగా మరణించారు. పారోస్ జాలరులు ఆ రాత్రి బలమైన గాలిలోనే తమ చిన్న పడవలు వేసుకుని వెళ్లి ఎందరినో నీళ్లలోంచి పైకి లాగారు. ఓడలో పనిచేసినవాడెవడూ ఆ రాత్రిని మరచిపోలేడు. మీ ఓడ పారోస్ మీదుగా వెళితే ఆ రాళ్లు నీకు కనిపించవచ్చు.

అందుచేత నా సలహా ఇది. దీవుల సంఖ్య తగ్గించు, వరుస మార్చు. మొదట పిరేయస్ నుంచి పెద్ద ఫెర్రీలో నేరుగా సాంటొరీనికి వెళ్లు. మెల్టెమి ఉత్తరపు గాలి కాబట్టి దక్షిణానికి వెళ్లేటప్పుడు అది వెనక నుంచి వస్తుంది, ఓడ కుదుపులు కొంత తగ్గుతాయి. తరువాత నాక్సోస్, పారోస్ మీదుగా ఒక్కొక్క దీవీ ఏథెన్స్ వైపు వెనక్కి రా. అలా వస్తే సెలవు ముగిసే నాటికి నువ్వు పిరేయస్‌కు నాలుగైదు గంటల దూరంలోనే, రోజూ ఎన్నో ఓడలు తిరిగే దారిలో ఉంటావు. విమానానికి ముందు రోజు రాత్రి మాత్రం ఏథెన్స్‌లోనే పడుకోవాలి. గాలి వల్ల ఓడ రద్దయితే టికెట్ డబ్బు వెనక్కి ఇస్తారు, లేదా తరువాతి ఓడలో చోటిస్తారు. తప్పిపోయిన విమానానికి ఎవరూ ఏమీ ఇవ్వరు.

సాంటొరీనికి పెద్ద ఫెర్రీ దాదాపు ఎనిమిది గంటలు తీసుకుంటుంది, హైస్పీడ్ ఓడ ఐదు గంటల్లోనే చేరుస్తుంది. మూడు గంటల కోసం ఎక్కువ డబ్బు పెట్టి, చాలా వరకు అద్దాల లోపలే కూర్చుని పోవడం నీకు నచ్చదని నా నమ్మకం. పెద్ద ఓడలో అన్నిటికంటే తక్కువ ధర టికెట్‌తోనే బయటి డెక్కు మీద తిరగవచ్చు. ప్రతి రేవులోనూ ఓడ తన చోటులోనే తిరిగి, లంగరు వేసి, వెనక భాగాన్ని గట్టుకు చేర్చి, వాహనాలు, మనుషులు ఎక్కి దిగే వాలు పలక అయిన రాంపును దించే పద్ధతిని తప్పకుండా చూడు. అంత పెద్ద ఓడ అంత ఇరుకులో తిరగడం వెనుక ఇంజన్ గది, బ్రిడ్జి కలిసి చేసే పని ఎంతో ఉంటుంది. నిమిషాల్లోనే లారీలు, కార్లు, మనుషులు దిగి ఎక్కి, ఓడ మళ్లీ కదులుతుంది. నాక్సోస్ రేవు పక్కనే క్రీస్తుపూర్వం 6వ శతాబ్దంలో మొదలుపెట్టి పూర్తిచేయని ఆలయపు పాలరాతి ద్వారం ఒంటరిగా నిలబడి ఉంటుంది. అది డెక్కు మీదికే కనిపిస్తుంది.

ఆ ఓడల మీద బతికేది యాత్రికులు కాదమ్మా, దీవుల్లోని జనం. రొట్టెల పిండి, మందులు, సిమెంటు, ఆసుపత్రికి వెళ్లే ముసలివారు అందరూ అందులోనే ప్రయాణిస్తారు. లాభం రాని చిన్న దీవులకు కూడా ఓడలు నడిపేందుకు అక్కడి ప్రభుత్వం సొమ్ము చెల్లిస్తుంది. ఇది నాకు ఎంతో మెచ్చుకోదగిన ఏర్పాటుగా తోస్తుంది. వీలుంటే ఒక రోజు నాక్సోస్ నుంచి ఇరాక్లియా, కూఫోనీసియా వంటి చిన్న దీవుల వైపు తిరిగే చిన్న ఓడ ఎక్కి చూడు.

గాలిని బట్టి ప్రయాణం పెట్టుకోవడం గ్రీకులకు తరతరాల అలవాటు. క్రీస్తుశకం 1వ శతాబ్దంలో గ్రీకు భాషలో రాసిన ఒక నౌకాయాన వివరణలో మన తూర్పు తీరం మసాలియా అనే పేరుతో, అక్కడ నేసే సన్నని నూలు బట్టల ప్రస్తావనతో కనిపిస్తుంది. అది మచిలీపట్నం ప్రాంతమేనని చరిత్రకారులు చెబుతారు. ఆ కాలపు నావికులు హిందూ మహాసముద్రం దాటడానికి నైరుతి రుతుపవనం కోసం ఎదురుచూసేవారు.

మరికొన్ని మాటలు. పిరేయస్ చాలా పెద్ద రేవు, ద్వారాలకు సంఖ్యలు ఉంటాయి. మీ ఓడ ఏ ద్వారం దగ్గర ఆగుతుందో ముందు రోజే చూసుకుని గంట ముందు చేరండి. ఆలస్యమైతే ఓడను వదిలేయండి, కదులుతున్న రాంపు మీదికి మాత్రం ఎన్నడూ పరుగెత్తవద్దు. 2023 సెప్టెంబరులో ఆ రేవులోనే చివరి నిమిషంలో ఎక్కబోయిన ఒక ప్రయాణికుణ్ణి సిబ్బంది తోసివేయగా నీళ్లలో పడి చనిపోయాడు. ఆగస్టు 15 మేరీమాత పండుగ, వేలాది భక్తులు టీనోస్ దీవికి వెళతారు కాబట్టి ఆ ముందు వెనక రోజుల టికెట్లు ఇప్పుడే తీసుకోండి. టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. కడుపులో తిప్పకుండా ఆపే మాత్ర ఓడ కదలకముందే వేసుకుని, గాలి ఎక్కువైతే ఓడ మధ్య భాగంలో, కింది అంతస్తులో కూర్చోండి.

టికెట్లు తీసుకున్నాక ప్రతి ఓడ పేరూ మాకు రాయి. ఓడలు తమ స్థానాన్ని తెలిపే సంకేతాలు పంపుతుంటాయి కనుక అమ్మకు ఫోన్‌లో మ్యాపు మీద చూపిస్తాను. కొత్త పట్టిక ఈ వారంలోనే పంపించు.

ఇట్లు,
మీ నాన్న